నెర్వా నాణెం మీద ఖర్జూరపు చెట్టు: యూదుల పన్ను నిజంగా రద్దయిందా?

కాసులపేరు | ఆదివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, మొదటిసారి రాస్తున్నా. మొన్న ఆన్‌లైన్‌లో ఒక రోమన్ నాణెం కొన్నాను. పెద్ద ఇత్తడి నాణెం. బొమ్మ వైపు పొడుగు మెడ, గద్దముక్కు ఉన్న పెద్దాయన. బొరుసు వైపు నడిమధ్య ఒక చెట్టు, దానికి అటొక అక్షరం ఇటొక అక్షరం, అంచు చుట్టూ రాత. నా కంటికైతే తాటిచెట్టే. అమ్మినాయన పెట్టిన చీటీలో "నెర్వా చక్రవర్తి, క్రీ.శ. 96, యూదుల పన్ను రద్దు చేసిన సందర్భంగా వేసిన నాణెం" అని ఉంది.

మా పక్కింటి పాస్టరు గారి అబ్బాయికి చూపిస్తే "రద్దెక్కడయిందక్కా, ఆ తర్వాత కూడా కట్టారు" అన్నాడు. వాడు థియాలజీ చదువుతున్నాడు, ఊరికే అనడు. ఎవరి మాట నిజం? అసలు యూదులకు విడిగా పన్నేమిటి? నాకు చరిత్ర పెద్దగా రాదు, కాస్త మొదట్నుంచీ చెప్పండి. ఫొటోలు రెండు పెట్టాను. వంటింట్లో డిజిటల్ కాటా మీద తూస్తే 17.8 గ్రాములు వచ్చింది.

చిలుము | ఆదివారం, రాత్రి 10.05

చూశాను మేడం. అంచు ఫొటో ఒకటి పెట్టండి, నాణేన్ని నిలబెట్టి పక్క నుంచి, పగటి వెలుతురులో. చరిత్ర మిగతావాళ్లు చెబుతారు, నేను అంచు చూశాక మాట్లాడతా.

లెక్కలమాస్టారు | ఆదివారం, రాత్రి 11.20

అమ్మాయ్, మొదట్నుంచీ అన్నావు కాబట్టి గుడి దగ్గర మొదలుపెడతాను.

యెరూషలేములో ఆలయం ఉన్న రోజుల్లో ఇరవై ఏళ్లు నిండిన ప్రతి యూదు మగవాడూ ఏడాదికి అర షెకెలు ఆ గుడికి పంపేవాడు. అది చక్రవర్తికి కట్టే పన్ను కాదు, దేవుడి సొమ్ము. రోమ్‌లో ఉన్నా, అలెగ్జాండ్రియాలో ఉన్నా పంపేవారు. ఆ చెల్లింపుకి వాడింది తూరు పట్టణం అచ్చువేసిన వెండి నాణెం. షెకెలు సుమారు 14 గ్రాములు. వెండి మేలిమి. తమాషా ఏమిటంటే దాని మీద ఒక వైపు మెల్కార్ట్ అనే తూరు దేవుడి తల, రెండో వైపు గద్ద. విగ్రహాలే కూడదనే వాళ్లు తమ గుడికి ఆ నాణెమే తీసుకున్నారు! బొమ్మ కంటే వెండి ముఖ్యం అనుకున్నారో ఏమో. ఆలయం ఆవరణలో నాణేలు మార్చేవాళ్లు కూర్చునేది ఇందుకే.

క్రీ.శ. 66లో రోమ్ మీద తిరుగుబాటు మొదలైంది. 70లో రోమన్ చక్రవర్తి వెస్పాసియన్ కొడుకు టైటస్ యెరూషలేమును పట్టుకున్నాడు, ఆలయం కాలిపోయింది. గుడి లేదు కాబట్టి కానుక కూడా పోవాలి కదా? పోలేదు. వెస్పాసియన్ దాన్ని తన వైపు తిప్పుకున్నాడు. సామ్రాజ్యంలో ఎక్కడున్నా ప్రతి యూదుడూ ఏడాదికి రెండు ద్రాక్మాలు, అంటే రెండు రోమన్ దీనారాలు, రోమ్‌లోని కాపిటోలిన్ జూపిటర్ గుడికి కట్టాలన్నాడు. యూదు చరిత్రకారుడు జోసెఫస్ ఈ మాట రాశాడు. ఆయన స్వయంగా ఆ యుద్ధంలో ఒక పక్షాన పోరాడి రెండో పక్షానికి చేరినవాడు. తర్వాతి కాలం చరిత్రకారుడు డియో కాసియస్ కూడా అదే రాశాడు.

ఆ జూపిటర్ గుడి మాత్రం యూదుల వల్ల కాలిపోలేదు. 69 డిసెంబరులో సింహాసనం కోసం వెస్పాసియన్ మనుషులూ విటెల్లియస్ మనుషులూ కాపిటోల్ కొండ మీద కొట్టుకున్నప్పుడు తగలబడింది. వాళ్లలో వాళ్లు కాల్చుకున్న గుడికి మరమ్మతు ఖర్చు వీళ్ల నెత్తిన!

ఈ వసూళ్ల ఖాతా పేరే ఫిస్కస్ యుడాయికస్. మిగతాది రేపు, కళ్లు లాగేస్తున్నాయి.

వింటున్నా | సోమవారం, ఉదయం 7.12

మాస్టారూ, అంటే ఇది జిజియా లాంటిదా?

లెక్కలమాస్టారు | సోమవారం, ఉదయం 8.30

తలపన్ను అన్నంత వరకూ పోలుతుంది, అంతకు మించి పోల్చకు నాయనా. వాళ్ల దేవుడి గుడి పడగొట్టి, ఆ గుడికి ఇచ్చే సొమ్మునే గెలిచినవాడి దేవుడికి కట్టించడం ఇందులో ఉన్న విశేషం. కట్టిన ప్రతిసారీ ఓటమిని గుర్తు చేస్తుంది.

మోడరేటర్ | సోమవారం, ఉదయం 8.44

జిజియా మీద పాత థ్రెడ్ 400 పోస్టులు దాటాక మూయాల్సి వచ్చింది, దయచేసి ఇక్కడ మళ్లీ తెరవొద్దు. ధరలు, అమ్మినవాళ్ల పేర్లు కూడా రాయొద్దు.

డల్లాస్_శ్రీను | సోమవారం, ఉదయం 9.15

రెండు దీనారాలంటే ఇప్పటి లెక్కలో ఎంత? అది పెద్ద మొత్తమా, చిల్లరా?

లెక్కలమాస్టారు | సోమవారం, మధ్యాహ్నం 1.10

ఇప్పటి రూపాయల్లోకి మార్చను శ్రీనూ, అలాంటి మార్పులన్నీ మోసం. అప్పటి కూలితో చూడు. సువార్తలో ద్రాక్షతోట యజమాని కూలీలతో రోజుకు ఒక దీనారానికి ఒప్పుకుంటాడు. కథే అనుకో, కానీ వినేవాళ్లకు మామూలుగా తోచే కూలి అయ్యుండాలి కదా. రోమన్ సైనికుడికి వెస్పాసియన్ కాలంలో ఏడాదికి 225 దీనారాలు. కాబట్టి ఒక మనిషికి రెండు దీనారాలంటే రెండు రోజుల కూలి, అదేం కొంప ముంచదు. ముంచింది తలల లెక్క.

పాత గుడి కానుక ఎదిగిన మగవాళ్లకే. కొత్త పన్ను ఆడవాళ్లకూ పిల్లలకూ ఉంది. ఈజిప్టులో దొరికిన పాపిరస్ పత్రాల్లో, కుండ పెంకుల మీద రాసిన రసీదుల్లో ఇది తెలుస్తుంది. మూడేళ్లు నిండితే చాలు, లెక్కలోకి వస్తారు. ఆడవాళ్లు 62 ఏళ్ల దాకా కట్టాలి. ఈజిప్టులో స్థానిక ద్రాక్మాలు నాలుగైతే ఒక దీనారం. అంటే మనిషికి 8 ద్రాక్మాలు, మారకం కింద 2 ఓబోల్‌లు (చిల్లర నాణేలు), పైగా "తొలిపంట" పేరుతో ఇంకో ద్రాక్మా. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటికి 46 ద్రాక్మాలు దాటుతుంది. ఆ దేశంలో ఫయ్యూమ్ ప్రాంతపు మామూలు తలపన్ను 40 ద్రాక్మాలు, అదీ 14 ఏళ్లు నిండిన మగవాళ్లకు మాత్రమే. యూదు ఇంటాయన ముందు అది కట్టి, ఆ పైన ఇది కట్టాలి.

తొలిపంట అన్న మాట గమనించావా? యెరూషలేము గుడికి పంటలో మొదటి పాలు ఇచ్చే ఆచారం ఉండేది. దాన్ని కూడా రసీదులో ఎక్కించారు, గుమాస్తాలు దేన్నీ వదల్లేదు.

లాటిన్_పిచ్చి | సోమవారం, సాయంత్రం 6.02

నాణెం మీది రాత సంగతి నాకు వదిలేయండి. ఫొటోలో స్పష్టంగానే ఉంది: ఫిస్కి యుడాయికి కలుమ్నియా సుబ్లాటా. చెట్టుకి అటూ ఇటూ ఉన్న రెండక్షరాలు "సెనేట్ తీర్మానం ప్రకారం" అనడానికి పొట్టిరూపం, ఇత్తడి, రాగి నాణేల మీద మామూలుగా ఉండేదే.

సంస్కృతం కాస్త వచ్చినవాళ్లకు ఇది తేలిక. ఫిస్కి యుడాయికి షష్ఠీ విభక్తి, "యూదుల పన్ను ఖజానా యొక్క". ఫిస్కస్ అంటే అసలు అర్థం బుట్ట, డబ్బులు వేసుకునే బుట్ట. కలుమ్నియా ప్రథమా విభక్తి, స్త్రీలింగం. అర్థం తప్పుడు అభియోగం, కావాలని పెట్టే కేసు. సుబ్లాటా అంటే తీసివేయబడింది, అదీ స్త్రీలింగమే. కాబట్టి తీసేసింది కలుమ్నియాని. పన్ను రద్దయింది అనాలంటే ఫిస్కస్‌కి తగ్గట్టు పుంలింగంలో సుబ్లాటస్ అనాలి. మీ చీటీ రాసినాయన విభక్తి మింగేశాడు.

"యూదుల పన్ను పేరిట జరిగే తప్పుడు అభియోగాలు తొలగించబడినవి." ఇంతే ఉంది నాణెం మీద.

పాత_ఇటుక | సోమవారం, రాత్రి 8.50

అంత తేలిగ్గా తేల్చేయకు తమ్ముడూ. నాణెం మీద జాగా ఎంతుంటుంది? శాసనం కాదు కదా. "యూదుల పన్ను అనే ఆ నింద తొలగింది" అని చదవడానికి వ్యాకరణం అడ్డు రాదు. పన్నే ఒక కలుమ్నియా అనుకో. నెర్వా పన్నును పూర్తిగా ఎత్తేశాడనీ, ఆయన వెనకొచ్చిన ట్రాజన్ మళ్లీ పెట్టాడనీ వాదించే పండితులు ఉన్నారు. నెర్వా ఏలింది ఏడాదిన్నరే, 96 సెప్టెంబరు నుంచి 98 జనవరి దాకా. అంత తక్కువ కాలంలో ఒక పన్ను పోయి మళ్లీ రావడం వింతేం కాదు. ఏ ప్రభుత్వమైనా ఎన్నికల ముందు ఎత్తేసిన పన్ను తర్వాత పెట్టడం మనం చూడలేదా?

లాటిన్_పిచ్చి | సోమవారం, రాత్రి 9.25

అన్నా, అదే నెర్వా వేసిన ఇంకో నాణెం చూడు. రెండు కంచర గాడిదలు మేస్తుంటాయి, వెనక బండి కాడి మీదికెత్తి ఉంటుంది. రాత: వెహికులాటియోనే ఇటాలియే రెమిస్సా. ప్రభుత్వ తపాలా కోసం ఇటలీ జనం బండ్లూ పశువులూ సమకూర్చాల్సిన భారం ఉండేది. దాన్ని మాఫీ చేశాడు. మన సంస్కృతంలో సతి సప్తమి లాంటి నిర్మాణం అది, "ఇటలీ బండ్ల భారము మాఫీ చేయబడగా" అని.

అదే టంకశాల, అదే కాలం. బండ్ల భారాన్ని మాఫీ చేసినప్పుడు ఆ భారం పేరే పెట్టి రెమిస్సా అన్నారు. యూదుల విషయంలో ఆ మాట ఎందుకు వాడలేదు? పన్ను మాఫీ అయ్యుంటే "యూదుల పన్ను మాఫీ" అని వేయడానికి జాగా సరిపోయేది. కలుమ్నియా అనే కోర్టు మాటను పనిగట్టుకుని మధ్యలో దూర్చారంటే పోయింది అదే.

పాత_ఇటుక | సోమవారం, రాత్రి 9.31

గాడిదల నాణెం నాకు తట్టలేదు. ఆలోచించాల్సిందే. పూర్తిగా ఒప్పుకోలేదని మాత్రం రాసుకో.

కాసులపేరు | సోమవారం, రాత్రి 10.15

నాకు ఒక ముక్క అర్థం కాలేదు. తప్పుడు కేసు అంటే ఏం కేసు? పన్ను కట్టకపోతే కేసు పెడతారు, అది తప్పుడుది ఎలా అవుతుంది?

లెక్కలమాస్టారు | మంగళవారం, ఉదయం 6.40

అసలు ప్రశ్న ఇప్పుడు అడిగావు.

నెర్వాకి ముందు ఏలినవాడు డొమిషియన్, వెస్పాసియన్ రెండో కొడుకు, 81 నుంచి 96 దాకా. సుయెటోనియస్ అనే రచయిత ఆయన గురించి రాస్తూ యూదుల పన్నును మిగతా అన్నిటికంటే కర్కశంగా వసూలు చేశారంటాడు. ఇద్దరి మీద పడ్డారు. ఒకరు, పైకి ఒప్పుకోకుండా యూదుల పద్ధతిలో బతికేవాళ్లు. రెండు, తాము పుట్టిన జాతిని దాచి పన్ను ఎగ్గొట్టినవాళ్లు.

దాని వెంటనే ఆయన తన చిన్నప్పుడు కళ్లారా చూసిన ముచ్చట ఒకటి రాశాడు. ముచ్చట అనకూడదేమో. తొంభై ఏళ్ల ముసలాయన్ని పన్నుల అధికారి ముందు, కిక్కిరిసిన సభలో నిలబెట్టి, సున్నతి జరిగిందో లేదో చూడటానికి బట్టలు తీయించారు. అంతే, రెండు ముక్కల్లో రాసి ముందుకు పోయాడు. ఆ ముసలాయన ఏమయ్యాడో రాయలేదు. తొంభై ఏళ్ల మనిషి! పాపిరస్‌లో ఆడవాళ్లకున్న వయసు హద్దే మగవాళ్లకూ ఉండుంటే ఆ వయసుకి పన్నే ఉండకూడదు. పాత బకాయి కోసమేనేమో.

ఇప్పుడు ఆలోచించు. పన్ను పుట్టుకని బట్టా, ఆచారాన్ని బట్టా? శనివారం పని మానేసే రోమన్ ఉన్నాడనుకో. పంది మాంసం ముట్టని పెద్దింటి ఇల్లాలు ఉందనుకో. వాళ్లు యూదులా కాదా? అధికారి అవునంటే అవును. ఉప్పందించేవాడికి ఇంతకంటే ఏం కావాలి? ఎదురింటాయనతో గొడవ ఉంటే చాలు, "వీడు చాటుగా యూదుడు" అని చెప్పి రావడమే. రోమ్‌లో అలా చెప్పేవాళ్లకు శిక్ష పడినవాడి ఆస్తిలో వాటా కూడా వచ్చేది.

95లో డొమిషియన్ తన సొంత బంధువు, ఆ ఏడాదే కాన్సుల్ అనే పెద్ద పదవి చేసిన ఫ్లేవియస్ క్లెమెన్స్‌ని చంపించాడు, ఆయన భార్య డొమిటిల్లాని ద్వీపానికి పంపేశాడు. మోపిన నేరం దేవుళ్లను నమ్మకపోవడం. యూదుల పద్ధతుల్లోకి జారినవాళ్లు ఇంకా చాలామంది ఇదే నేరం కింద శిక్ష పడ్డారని డియో రాశాడు. అది పన్ను కేసు కాదు, కానీ రెండూ ఒకే గాలిలో పెరిగాయి. నెర్వా వచ్చీరాగానే, యూదుల జీవన విధానం పాటిస్తున్నారని ఎవరి మీదా ఫిర్యాదు చేయకూడదన్నాడని కూడా డియోనే రాశాడు. ఆ ఉత్తర్వూ ఈ నాణెమూ ఒకదాన్నొకటి బలపరుస్తాయి.

పాత_ఇటుక | మంగళవారం, ఉదయం 10.20

మాస్టారూ, మీరు చెప్పింది నిజమైతే ఇంకో సంగతి బయటపడుతోంది. ఈ నాణెం యూదుల కోసం వేసింది కాదు! యూదులు కాకపోయినా ఆ ముద్ర పడుతుందని వణికిన రోమన్ పెద్దమనుషుల కోసం వేసింది. రోమ్ టంకశాలలో తయారై, ఎక్కువగా రోమ్‌లో ఇటలీలో చేతులు మారిన నాణెం. గలిలయలో ఉన్న రైతుకి లాటిన్ ఏం తెలుసు? దయ చూపించింది పన్ను కట్టేవాడి మీద కాదు, కట్టనక్కర్లేనివాడి మీద.

లాటిన్_పిచ్చి | మంగళవారం, ఉదయం 10.41

నిన్నటి దాకా నాతో వాదించి ఇవాళ నా కంటే నాలుగడుగులు ముందుకెళ్లావు అన్నా. అయితే రోమ్‌లో కూడా యూదులు చాలామందే ఉన్నారు, బట్టలు విప్పించే తనిఖీ ఆగితే వాళ్లకూ ఊపిరి ఆడినట్టే. ఈ పన్ను చూసుకునేందుకు విడిగా అధికారి ఉండేవాడు కూడా. టైటస్ ఫ్లేవియస్ యూస్కెమోన్ అనే అతని శాసనం రోమ్‌లో దొరికింది. చక్రవర్తి విడుదల చేసిన బానిస, యూదుల తలపన్ను చూసే ప్రొక్యురేటర్‌గా చేశానని రాయించుకున్నాడు.

వింటున్నా | మంగళవారం, మధ్యాహ్నం 12.05

ఇంతకీ అది తాటిచెట్టా?

చిలుము | మంగళవారం, మధ్యాహ్నం 12.30

ఖర్జూరం. మన ఈతచెట్టుకి దగ్గరి చుట్టం. కొమ్మల కింద రెండు వైపులా గెలలు వేలాడుతుంటాయి చూడండి.

ఆ చెట్టు యూదయ దేశానికి గుర్తు. దీని కథ తెలియాలంటే ఇంకో నాణెం పక్కన పెట్టుకోవాలి. 71లో వెస్పాసియన్ "యూడాయియా కాప్టా", అంటే యూదయ పట్టుబడింది అని వరసగా నాణేలు దించాడు. బంగారం, వెండి, ఇత్తడి, అన్నిట్లో ఈ గెలుపు బొమ్మలున్నాయి. పెద్ద ఇత్తడి నాణెం మీద మధ్యలో ఇదే ఖర్జూరం. ఒక వైపు తలకి చెయ్యి ఆనించుకుని కూలబడి ఏడుస్తున్న ఆడమనిషి. రెండో వైపు చేతులు కట్టేసిన బందీ ఉంటాడు, కొన్నిటి మీద ఈటె పట్టుకుని నిలబడ్డ చక్రవర్తి ఉంటాడు. టైటస్ కూడా ఇవి వేశాడు. పాతికేళ్ల పాటు జనం చేతుల్లో తిరిగాయి.

ఇప్పుడు నెర్వా నాణెం చూడండి. చెట్టు అదే. ఏడ్చే మనిషి లేదు, బందీ లేడు, ఈటె లేదు. అచ్చు చెక్కినవాడు పాత బొమ్మలోంచి మనుషుల్ని తీసేసి చెట్టొక్కటీ ఉంచాడు. అప్పటివాళ్లకి చూడగానే తెలిసుంటుందని నా నమ్మకం. నాకు నచ్చిన రోమన్ నాణేల్లో ఇదొకటి. అందుకే మేడం, మీ అంచు ఫొటో కోసం అడుగుతున్నా.

నల్గొండ_నాణెం | మంగళవారం, మధ్యాహ్నం 3.18

లేటుగా వచ్చాను, మన వైపు సంగతి ఒకటి చెబుతా. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో పదిహేను వందలకు పైగా రోమన్ వెండి దీనారాలు ఒకే కుప్పగా దొరికాయి. ఇలాంటి కుప్పల్లో ఎక్కువ కనిపించేవి అగస్టస్, టైబీరియస్ నాణేలు. టైబీరియస్ దాని బొరుసు మీద కుర్చీలో కూర్చున్న ఆడమనిషి ఉంటుంది. సువార్తలో "ఈ రూపమును పై వ్రాతయు ఎవరివి" అని అడిగే పన్నురూక ఇదేనని సంప్రదాయంగా చెబుతారు. అంటే ఆ నాణెం రకం మన పొలాల్లో దొరికింది. చిన్నప్పుడు చర్చిలో విన్నప్పుడు ఇది తెలిసుంటే ఇంకో రకంగా వినేవాణ్ని.

వెస్పాసియన్ పన్ను వసూలు చేసిన కాలంనాటి దీనారాలు మాత్రం ఇక్కడ అరుదు. 64లో నీరో దీనారం బరువూ వెండీ తగ్గించాడు, మన వ్యాపారులు పాత బరువు నాణేలే కావాలన్నారని అంటారు. ఇత్తడి నాణేలు దాటి రావడానికి వాళ్లకు లాభమేముంది? కాబట్టి ఎవరైనా "గుంటూరు పొలంలో దొరికిన నెర్వా ఇత్తడి నాణెం" అని అమ్మజూపితే పక్కకి తప్పుకోండి.

మాట మాత్రం ఇక్కడ ఉండిపోయింది. నాగార్జునకొండ ఇక్ష్వాకుల శాసనంలో దీనారి మాషకాలు ఉన్నాయి. ఒక రాణి స్తంభం కోసం 170 ఇచ్చింది. శ్రీనాథుడి దీనార టంకాలు సరేసరి.

డల్లాస్_శ్రీను | మంగళవారం, సాయంత్రం 5.00

సూపర్. మరి యూదుల వైపు నుంచి నాణేలు లేవా? అన్నీ రోమ్ వాళ్ల మాటలేనా?

చిలుము | మంగళవారం, సాయంత్రం 6.45

ఉన్నాయి శ్రీనూ, అవే ఎక్కువ ధర పలుకుతాయి. మొదటి తిరుగుబాటులో 66 నుంచి 70 దాకా సొంతంగా వెండి షెకెళ్లు వేసుకున్నారు. పాత హీబ్రూ లిపిలో "ఇశ్రాయేలు షెకెలు" అనీ, మొదటి ఏడు, రెండో ఏడు అనీ లెక్క. ఒక వైపు పాత్ర, రెండో వైపు మూడు దానిమ్మ మొగ్గలు. ఐదో ఏటివి చాలా కొద్ది. ఐదో ఏడు నాలుగు నెలలకే యెరూషలేము పడిపోయింది మరి.

132లో బార్ కోఖ్బా తిరుగుబాటప్పుడు ఇంకా చిత్రం. వాళ్లు కొత్తగా బిళ్లలు పోసుకోలేదు. చేతికొచ్చిన రోమన్ నాణేల మీదే సుత్తితో తమ అచ్చు కొట్టారు. దీనారం మీద కొడితే అది జూజ్ అనే యూదు నాణెం అయింది. తొందర పనిలో కింది బొమ్మ పూర్తిగా చెరగలేదు. ద్రాక్ష గుత్తి పక్కన చక్రవర్తి గడ్డమో ముక్కో, "యెరూషలేము స్వాతంత్ర్యం కోసం" అన్న రాత మధ్యలో నాలుగు గ్రీకు అక్షరాలో కనబడుతుంటాయి. భూతద్దం పట్టుకుని కింద ఎవరున్నారో పోల్చుకోవడం మాలాంటివాళ్లకు పెద్ద కాలక్షేపం. ఏ దీనారాలు తలకి రెండు చొప్పున అడిగారో ఆ దీనారాల మొహం మీదే కొట్టారు.

కాసులపేరు | మంగళవారం, రాత్రి 8.10

అంచు ఫొటోలు మూడు పెట్టాను. పగలు ఆఫీసులో ఉండి తీయలేకపోయాను, ట్యూబ్‌లైట్ కింద తీసినవి. చిలుము గారూ, మీరు అడుగుతున్న తీరు చూస్తే టెన్షన్‌గా ఉంది.

చిలుము | మంగళవారం, రాత్రి 8.52

మేడం, మనసు కష్టపెట్టుకోకండి. అసలుది కాదు.

అంచు చుట్టూ సన్నటి గీత కనబడుతోంది, రెండు సగాల అచ్చులో పోసినప్పుడు పడేది. దాన్ని ఆకురాయితో అరగదీసిన చారలు కూడా ఉన్నాయి. రోమన్ నాణెం పోత కాదు, వేడి బిళ్లని రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టినది. అక్షరాల అంచులు సబ్బు మీద అక్షరాల్లా మెత్తగా ఉన్నాయి. మెడ దగ్గర చిన్న చిన్న బుడగ గుంటలున్నాయి. ఈ రకం అసలు నాణెం 25 గ్రాముల చుట్టుపక్కల తూగాలి, మీది 17.8. ఆకుపచ్చ చిలుము రంగు వేసింది, దూదికి అసిటోన్ రాసి తుడిస్తే ఊడి రావచ్చు.

ఇది కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్లకీ జరిగేదే. నా దగ్గర ఇలాంటివి ఒక డబ్బా నిండా ఉన్నాయి, మా ఆవిడ దానికి "యూనివర్సిటీ ఫీజు" అని చీటీ అంటించింది.

కాసులపేరు | మంగళవారం, రాత్రి 9.30

దూదికి పచ్చ రంగు వచ్చింది.

అరగంట ఊరికే కూర్చున్నా. అమ్మినాయనకి మెసేజ్ పెట్టాను, చూశాడు, జవాబు లేదు. ఇంట్లో చెప్పలేదింకా.

పోనీలెండి. చీటీ మీది మాట తప్పని తెలిసింది, నాణెం కూడా తప్పేనని తెలిసింది. రెండూ కలిసి ఉండటం న్యాయంగానే ఉంది. పాస్టరు గారి అబ్బాయికి రేపు సారీ చెప్పాలి. కానీ ఒకటి మిగిలిపోయింది మాస్టారూ, పన్ను పోలేదు అన్నారు. మరి ఎప్పటి దాకా కట్టారు?

పాత_ఇటుక | మంగళవారం, రాత్రి 9.50

ఇంట్లో చెప్పకండి, బొమ్మలా షోకేసులో పెట్టేయండి. ప్రశ్నకు జవాబులో కొంత నేనిస్తా, నా వాదనకే దెబ్బ అయినా సరే. 240 ప్రాంతంలో ఒరిజెన్ అనే క్రైస్తవ పండితుడు ఒక ఉత్తరంలో యూదులు ఇప్పటికీ రోమ్‌కు ఆ రెండు ద్రాక్మాలు కడుతున్నారని రాశాడు. నెర్వా నాణెం తర్వాత నూట నలభై ఏళ్లకు పైమాటే.

లెక్కలమాస్టారు | బుధవారం, ఉదయం 6.15

అమ్మాయ్, డబ్బు పోయినందుకు బాధగా ఉంది, అడిగిన తీరుకి మాత్రం సంతోషం.

ఇటుక గారు చివరిది చెప్పారు. నేను మధ్యది చెబుతా. ఈజిప్టులో పైకి వెళితే నైలు ఒడ్డున ఎడ్ఫూ అనే ఊరుంది. అక్కడ యూదులు ఉండే వీధిలో పన్ను రసీదులు పదుల కొద్దీ దొరికాయి, అన్నీ పగిలిన కుండ పెంకుల మీద సిరాతో రాసినవి. 71, 72 ప్రాంతంలో మొదలవుతాయి. మొదట్లో "యూదుల రెండు దీనారాల వెల" అని రాసేవారు, తర్వాత తర్వాత "యూదుల పన్ను" అని పొట్టిగా రాయడం అలవాటైంది. ఆంటోనియస్ రూఫస్ అనే ఆయన కొడుకుల పేర్లతో రసీదులున్నాయి. ఒక శతాధిపతి ఇంట్లో బానిసగా ఉన్న మనిషి పేరున కూడా ఉంది. డొమిషియన్ కాలంలో కట్టారు, ట్రాజన్ కాలంలోనూ కట్టారు. నాణెం ఏం చెప్పినా పెంకులు చెప్పేది ఇది. రోమ్‌లో అచ్చుదిమ్మ మీద ఏం చెక్కారో ఆ గుమాస్తాకి తెలియదు, ఎంత ముట్టిందో రాసి ఇచ్చాడు.

115లో ఈజిప్టు, సైరీన్, సైప్రస్ యూదులు తిరగబడ్డారు. ట్రాజన్ సైన్యాలు 117 నాటికి అణచేశాయి. ఎడ్ఫూ రసీదులు 116లో ఆగిపోతాయి. పన్ను రద్దయి కాదు. ఆ తర్వాత ఆ శతాబ్దం మధ్యలో ఫయ్యూమ్‌లోని కరానిస్ అనే ఊరి పన్నుల లెక్క ఒకటి దొరికింది. వెయ్యి మందికి పైగా మగవాళ్లున్న ఊరు. అందులో యూదుల పన్ను కట్టినవాడు ఒక్కడు.